అమెరికాలో ఫెడరల్ అభియోగము - న్యాయవాది యావశ్యకత

అమెరికాకు బిడ్డను పంపిన గృహస్థుడు మన జిల్లాలలో నేడు గ్రామగ్రామమునను కానవచ్చును. పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకులో అప్పు తెచ్చియో పంపిన యా తండ్రికి వీసాల భేదములు తెలియును. విశ్వవిద్యాలయపు రుసుము తెలియును. డాలరు మారకపు ధర పైసలతో సహా తెలియును. ఆ దేశపు ఫెడరల్ ప్రభుత్వము, అనగా సమాఖ్య ప్రభుత్వము, తన కుమారునిపై క్రిమినల్ అభియోగము తెచ్చిననాడు మొదటి గంటలో ఏమి చేయవలయునో, ఏమి చేయరాదో మాత్రము తెలియదు. కుమారునికి అంతకంటెను తెలియదు. ఇట్టి ప్రస్తావన కొందరికి అమంగళముగా తోపవచ్చును. ఇల్లు అంటుకొన్న పిదప బావి త్రవ్వుట మన జాతికి అలవాటైన పని. ఆ యలవాటు మానుకొనవలయునని మా యభిప్రాయము.

2019 జనవరి మాసాంతమున జరిగిన సంగతి పాఠకులు మరచియుండరు. మిషిగన్ రాష్ట్రములో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయ మను పేరుతో ఒక సంస్థ వెలసినది. దానికి తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. దానిని నడపినవారు మారువేషములోనున్న ఫెడరల్ అధికారులే. చదువుపేర దేశములో నిలిచియుండి ఉద్యోగము చేసికొనగోరు విద్యార్థులును, వారిని చేర్చి సొమ్ము తీసికొను దళారులును ఆ వలలో పడిరి. సుమారు 600 మంది చేరిరి. వారిలో అత్యధికులు భారతీయులు. భారతీయులలో తెలుగువారు పెక్కుమంది. విద్యార్థులను చేర్చినందుకు ఎనమండుగురిపై డిట్రాయిట్ నగరపు ఫెడరల్ న్యాయస్థానములో కుట్ర నేరము మోపబడినది. వారిలో ఒక్కరును జూరీ యెదుటికి పోలేదు. అందరును నేరము నొప్పుకొనిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి సుమారు 250 మంది విద్యార్థులు నిర్బంధింపబడిరి.

ఇక్కడ మన యిండ్లలో ఈ రెండు తరగతులవారి గతియు ఒక్కటిగానే వినబడినది. అరెస్టనగా అరెస్టే యని మనవారు తలచిరి. వాస్తవమున అవి రెండు వేర్వేరు లోకములు. విద్యార్థులపై వచ్చినవి వలసచట్టపు చర్యలు. అవి సివిలు స్వభావము గలవి. వానిలో న్యాయవాదిని పెట్టుకొను హక్కు కలదు గాని, పేదవానికి ప్రభుత్వవ్యయముతో న్యాయవాది దొరకడు. ఎనమండుగురిపై వచ్చినది క్రిమినల్ అభియోగము. అందు ముద్దాయి నిరుపేదయైనచో న్యాయస్థానమే న్యాయవాదిని నియమింపవలయును. కాబట్టి అర్ధరాత్రమున ఫోను వచ్చినపుడు తండ్రి యడుగవలసిన మొదటి ప్రశ్న 'ఎవరు పట్టుకొనిరి, ఏ చట్టము క్రింద పట్టుకొనిరి' యనునది. మనవారు మొదట అడుగుచున్నది 'ఎంత ఖర్చగును' అని.

న్యాయవాది సహాయము ముద్దాయి హక్కని 1791లోనే అమెరికా రాజ్యాంగమున ఆరవ సవరణగా చేరినది. కాగితముపైనున్న హక్కు న్యాయస్థానము మెట్లెక్కుటకు శతాబ్దమున్నర పట్టినది. 1935 జనవరిలో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున చార్లెస్టన్ పట్టణములో ఇద్దరు నౌకాసైనికులను దొంగ ఇరువది డాలరు నోట్లు చెల్లించిరను నేరముపై ఫెడరల్ న్యాయస్థానమునకు తెచ్చిరి. అభియోగపత్రము వచ్చిన నాలుగు దినములలో వారు విచారింపబడి, దోషులుగా తేలి, అదే దినమున నాలుగున్నర సంవత్సరముల శిక్ష పొందిరి. వారికి న్యాయవాది లేడు. వానిని నియమించు ధనమును లేదు. 1938లో సుప్రీము కోర్టు ఆ వ్యవహారముపై తీర్పు చెప్పుచు, ముద్దాయి తెలిసి తన హక్కును వదలుకొన్నపుడు తప్ప, న్యాయవాది లేక ఫెడరల్ న్యాయస్థానము ఎవరి స్వేచ్ఛను హరింపజాలదని నిర్ణయించెను. 1964లో ప్రత్యేకశాసనము వచ్చి, అట్టి న్యాయవాదులకు ప్రభుత్వధనము చెల్లించు ఏర్పాటు జరిగినది. ఇంత కష్టపడి సంపాదింపబడిన హక్కును మన యువకుడు తెలియక తన గుమ్మమువద్దనే పోగొట్టుకొనుచున్నాడు. ఎట్లనగా చెప్పెదము.

ఫెడరల్ విచారణ సామాన్యముగా చేతిసంకెళ్లతో మొదలుకాదు. ఉదయమున ఇద్దరు మర్యాదస్థులు తలుపు తట్టుదురు. గుర్తింపుపత్రములు చూపుదురు. 'కొలది ప్రశ్నలు మాత్రమే' యందురు. ఇంటికి వచ్చినవానిని కూర్చుండబెట్టి కాఫీ యిచ్చుట మన సంప్రదాయము. అధికారి యడిగినదానికి బదులు చెప్పకుండుట మనకు అమర్యాద, అనుమానాస్పదము. యువకుడు మాటలాడును. భయముచే ఒక తేదీ తప్పు చెప్పును. స్నేహితుని కాపాడుటకు ఒక సంగతి దాచును. ఆ దేశపు చట్టము ప్రకారము ఫెడరల్ అధికారితో ముఖ్యవిషయమున బుద్ధిపూర్వకముగా అసత్యము పలుకుటయే వేరొక నేరము. ప్రమాణము చేయింపనక్కరలేదు, కాగితముపై సంతకము పెట్టనక్కరలేదు. దానికి అయిదేండ్లవరకు శిక్ష పడవచ్చును. మార్థా స్టీవర్టు అను ప్రసిద్ధవర్తకురాలి యుదంతము దీనికి సాక్ష్యము. వాటాల విక్రయమునుగూర్చి విచారణ జరిగినది. వాటాల మోసపు టభియోగమును న్యాయాధిపతియే కొట్టివేసెను. విచారణాధికారులతో అసత్యము పలికినందుకును, విచారణకు అడ్డుపడినందుకును, అందుకై కుట్ర పన్నినందుకును 2004లో ఆమె అయిదుమాసములు చెరసాలకు పోయెను.

'నీవు మౌనముగా నుండవచ్చును, న్యాయవాదిని కోరవచ్చును' అని పోలీసువారు హెచ్చరింతురుగదా యని సినిమాలు చూచిన యువకులు తలంతురు. 1966 నాటి తీర్పు చెప్పిన ఆ హెచ్చరిక, నిర్బంధములోనున్నవానిని ప్రశ్నించునపుడు మాత్రమే విధి. తన యింటి సోఫాపై కూర్చున్నవానికి ఆ హెచ్చరిక చేయనక్కరలేదు. అధికారి తన ప్రశ్నలలో మాయోపాయము వాడినను చట్టము చాలవరకు సహించును. కావున యువకుడు నేర్వవలసినది ఒక్క వాక్యము: 'నేను న్యాయవాదితో మాటలాడిన పిదపనే మాటలాడుదును; దయచేసి మీ చీటి ఇచ్చి వెళ్లుడు.' ఈ వాక్యము మర్యాదగానే పలుకవచ్చును. ఇది నేరాంగీకారము కాదు. సోదా వారంటుతో వచ్చినవారిని అడ్డగింపరాదు. అయినను వారి ప్రశ్నలకు బదులీయనక్కరలేదు.

దీనికి తోడు మరి రెండు అపాయములు కలవు. భయపడినవాడు మొట్టమొదట చేయు పని ఫోనులోని సందేశములను తుడిచివేయుట. ఫెడరల్ విచారణకు అడ్డుతగులు ఉద్దేశముతో పత్రములను, సందేశములను నాశనము చేయుట ఇరువది యేండ్లవరకు శిక్షగల నేరము. అసలు నేరమునకు అంత శిక్ష యుండకపోవచ్చును. రెండవది, నిర్బంధగృహమునుండి ఇంటికి ఫోను చేయుట. ఆ సంభాషణలు నమోదు చేయబడునని అక్కడ గోడమీదనే వ్రాసియుండును. 'మనము తెలుగులో మాటలాడితిమిగదా, వారికేమి తెలియును' అనుకొను తల్లిదండ్రులకు మేము చెప్పునదేమన, ఆ దేశమున తెలుగు తెలిసిన దుబాసీలకు కొదువలేదు. తల్లితో కన్నీటితో చెప్పిన మాట న్యాయస్థానములో సాక్ష్యమగును. న్యాయవాదితో ఏకాంతమున చెప్పినది మాత్రమే చట్టరక్షణలో నుండును. అన్నగారో, మామగారో ప్రక్కన కూర్చున్నచో ఆ రక్షణయు చెడవచ్చును. వైద్యునివద్దను వకీలువద్దను దాపరికము పనికిరాదని మన పెద్దలు చెప్పిరి. వకీలుగదిలోనికి బంధువులను వెంటబెట్టుకొని పోరాదని దానికి చేర్చుకొనవలయును.

'మావాడు నిర్దోషి, వానికి ప్లీడరెందుకు' అను మాట మేము తరచు వినుచున్నాము. ఈ మాట వెనుక ఒక గౌరవనీయమైన సంప్రదాయమును ఉన్నది. సహాయనిరాకరణోద్యమములో ప్రకాశముపంతులుగారు మద్రాసులో మంచి రాబడిగల వృత్తిని వదలిరి. 1922 మార్చి 18వ తేదీన అహమ్మదాబాదులో గాంధీమహాత్ముడు రాజద్రోహనేరము నొప్పుకొని, గరిష్ఠశిక్ష వేయుమని న్యాయాధిపతిని కోరి, ఆరేండ్ల చెరను స్వీకరించెను. ఆనాటినుండి కోర్టులో వాదించుకొనుట పౌరుషహీనమను భావము కొన్ని కుటుంబములలో నిలిచియున్నది. అయితే అలీపురపు బాంబుకేసులో చిత్తరంజనదాసుగారు నిలువకపోయినచో 1909లో అరవిందులు విడుదల యగుట సాధ్యమయ్యెడిదా? 1945లో ఎఱ్ఱకోటలో ఆజాద్ హింద్ సేనానుల పక్షమున భూలాభాయి దేశాయిగారు నిలువలేదా? అది పౌరుషహీనమని ఎవ్వరును అనలేదు. మహాత్ముని అంగీకారము ధర్మయుద్ధములో ఆయుధము. తన కాగితము చదువక, భయముచే నేరము నొప్పుకొను ఇరువదియైదేండ్ల కుఱ్ఱవానిది ఏ యుద్ధము?

వీసాదళారులపై మాకు జాలి లేదు. బీదల సొమ్ము తిని, పిల్లల జీవితములను పాడుచేయువారు శిక్షార్హులే. కాని దోషికిని శిక్షకొక కొలత యుండవలయును. ఆ కొలత సరిగా పడునట్లు చూచుటయే ఫెడరల్ న్యాయస్థానములలో న్యాయవాది చేయు పనిలో అధికభాగము. 2018 ఆర్థిక సంవత్సరములో ఆ న్యాయస్థానములలో సుమారు 80,000 మంది ముద్దాయిలుండిరి. నూటికి 90 మంది నేరము నొప్పుకొనిరి. నూటికి 8 మందిపై అభియోగములు కొట్టివేయబడినవి. విచారణవరకు పోయినవారు నూటికి ఇద్దరు మాత్రమే. అనగా మన సినిమాలలో కనబడు వాదోపవాదములు అచ్చట మిక్కిలి అరుదు. వ్యవహారము ప్రాసిక్యూటరుతో జరుగు బేరములో తేలును. ఏ సెక్షను క్రింద ఒప్పుకొనవలయును, నష్టము ఎన్ని డాలర్లని వ్రాయవలయును, ఇతరులపై సాక్ష్యమిచ్చుటకు అంగీకరింపవచ్చునా అను ప్రశ్నలే ప్రధానములు. 1987 నవంబరునుండి జరిగిన ఫెడరల్ నేరములకు పెరోలు లేదు. సత్ప్రవర్తనకు సంవత్సరమునకు 54 దినములవరకు మాత్రమే తగ్గింపు. కావున కాగితముపై వ్రాయబడిన ప్రతి మాసమును నిజముగా గడపవలసిన మాసమే. బేరము జరుగు వేళ కూడ సమర్థుడైన న్యాయవాది సహాయము రాజ్యాంగపు హక్కేయని సుప్రీముకోర్టు 2012లో స్పష్టపరచినది.

మనవారికి ఈ బేరములో మరియొక ముప్పు పొంచియున్నది. అది దేశబహిష్కారము. కొరియాదేశమునుండి పదుమూడవయేట వచ్చి, మెంఫిస్ నగరములో రెండు భోజనశాలలు నడుపుకొనుచున్న యొకనిపై ఫెడరల్ మాదకద్రవ్యాభియోగము వచ్చెను. నేరమొప్పుకొన్నచో దేశమునుండి పంపివేయుదురా యని ఆతడు పలుమారు తన న్యాయవాదిని అడిగెను. పంపరని న్యాయవాది చెప్పెను. ఆ మాట నమ్మి ఒప్పుకొనెను. సంవత్సరము నొక దినము శిక్ష పడెను. ఆ నేరమునకు బహిష్కారము తప్పనిసరి. 2017లో సుప్రీముకోర్టు వాని మొర వినెను గాని, అప్పటికి ఎన్ని యేండ్లు గడచినవో చూడుడు. మోసపు నేరములలో నష్టము 10,000 డాలర్లకు మించినచో వలసచట్టము దానిని ఘోరనేరముల పట్టికలో చేర్చును. ఆ దేశపు పౌరునికి ఆ యంకె ఒక యంకె మాత్రమే. గ్రీన్‌కార్డు గలవానికిని, హెచ్-1బి వానికిని అది భార్యాబిడ్డలతో కూడి ఉండుటయో విమానమెక్కుటయో నిర్ణయించు అంకె. క్రిమినల్ న్యాయవాది వలసచట్టము ఎఱుగనిచో, ఎఱిగిన యింకొకనిని కలుపుకొనవలయును. ఈ ఖర్చు తగ్గించుకొనుట మిక్కిలి పిచ్చిపని.

ఇక న్యాయవాది నెన్నుకొను రీతి. మనవారు మొట్టమొదట విచారించునది 'మనవాడు ఎవడైన ఉన్నాడా' యని. బంధుత్వము, కులము, ఊరు చూచి వివాహములు చేయుదురు. ముద్దాయికి రక్షకుని వెదకుటకు అవి కొలతలు కావు. వీసా కాగితములు చక్కగా పూర్తిచేసిపెట్టిన న్యాయవాది ఫెడరల్ క్రిమినల్ న్యాయస్థానపు గడప తొక్కియుండకపోవచ్చును. రాష్ట్రన్యాయస్థానములలో పేరుగన్నవాడును ఫెడరల్ శిక్షాసూత్రములలో క్రొత్తవాడు కావచ్చును. ఆ దేశములో ఫెడరల్ జిల్లాలు 94. ఏ జిల్లాలో అభియోగము వచ్చినదో ఆ జిల్లాలోనే ఇట్టి వ్యవహారములు నడపినవాడా, విచారణవరకు పోయిన యనుభవమున్నదా, పూర్వము ప్రాసిక్యూటరుగానో ప్రభుత్వ డిఫెండరుగానో పనిచేసెనా, వ్యవహారము తానే చూచునా లేక చిన్నవానికి అప్పగించునా యని అడుగవలయును. అడిగినందుకు కోపగించు న్యాయవాదిని విడిచి మరియొకనిని చూడవలయును. 'న్యాయాధిపతి నాకు తెలుసు, పని జరిపించెదను' అనువాని గుమ్మము దిగి వెంటనే రావలయును.

కన్సల్టెన్సీలలో పనిచేయు యువకులకు ప్రత్యేకముగా ఒక మాట. యజమానిపై విచారణ వచ్చినపుడు, కంపెనీ న్యాయవాది వచ్చి ఉద్యోగులతో చనువుగా మాటలాడును. అతడు కంపెనీకి న్యాయవాది, ఉద్యోగికి కాడు. ఉద్యోగి చెప్పినదానిపై రహస్యరక్షణ కంపెనీ సొత్తు. తనకు లాభమని తోచినపుడు కంపెనీ దానిని వదలుకొని ప్రభుత్వమునకు అప్పగింపవచ్చును. యజమానియే తన ఖర్చుతో 'మనకందరికిని ఒక్క వకీలు చాలు' అన్నచో, ఆ యౌదార్యమును సందేహింపవలయును. ఒకనిపై మరియొకడు సాక్ష్యము చెప్పినచో శిక్ష తగ్గు న్యాయస్థానములో, ఇద్దరి ప్రయోజనము ఒక్కటిగా నిలుచుట కష్టము. యజమాని సొమ్ముతో నిలిచిన న్యాయవాది, యజమానిపై సాక్ష్యము చెప్పుట నీకు మేలని నీతో ఎట్లు చెప్పును?

ధనము లేనివాడు నిరాశపడనక్కరలేదు. 'ప్రభుత్వమిచ్చిన ప్లీడరు' అనగానే మనవారు పెదవి విరుతురు. మన మేజిస్ట్రేటు కోర్టులలో చూచిన దృశ్యములే దానికి కారణము. అమెరికా ఫెడరల్ డిఫెండరు కార్యాలయముల సంగతి వేరు. వారు దినదినము ఆ న్యాయాధిపతుల యెదుటనే, ఆ ప్రాసిక్యూటర్లతోనే వ్యవహరించువారు. పరిశోధకులును, నిపుణసాక్షులకు ధనమును వారికి లభించును. పేరున్న వలస న్యాయవాదికి పొలమమ్మి సొమ్ము పోయుటకంటె వీరు మేలని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. అయితే ముద్దాయి తన ఆస్తిపాస్తులను ప్రమాణపూర్వకముగా తెలుపవలయును. దానిలో అసత్యము చెప్పినచో క్రొత్తనేరము. మరియు తాను కోరినవానినే ఇమ్మని అడుగుటకు వీలులేదు.

సొంతముగా నియమించుకొనువారు ఒడంబడిక వ్రాతమూలముగా చేసికొనవలయును. 'గెలిచిననే రుసుము' అను పద్ధతి అచ్చట క్రిమినల్ వ్యవహారములలో నిషిద్ధము. ఇచ్చిన సొమ్ము బేరమువరకా, విచారణవరకా, అప్పీలుకును చాలునా అను సంగతి కాగితములో ఉండవలయును. తీర్పు వచ్చిన 14 దినములలో అప్పీలు నోటీసు ఈయనిచో మార్గము సామాన్యముగా మూసికొనిపోవును. ఆ పదునాలుగు దినములలో 'అది నా పని కాదు' అని న్యాయవాది చెప్పినచో ఏమి గతి? నగదుగా 10,000 డాలర్లకు మించి పుచ్చుకొన్న న్యాయవాది ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపవలసియుండును. కావున ఇక్కడనుండి పంపు ధనము బ్యాంకుద్వారా రిజర్వుబ్యాంకు నియమముల ప్రకారమే పోవలయును. ఆ నియమముల క్రింద ఒక్కొక్కరు ఆర్థికసంవత్సరమునకు 2,50,000 డాలర్లవరకు పంపవచ్చును. హవాలాద్వారా పంపిన సొమ్ముతో కుమారుని రక్షింపబోయి తండ్రియే విచారణలో చిక్కుకొనరాదు.

ఇంతయు వ్యక్తులు చేయదగినది. సంఘముగా మనము చేయదగినది వేరుగా నున్నది. ఫార్మింగ్టన్ కాలమున అమెరికాలోని తెలుగుసంఘములు విద్యార్థులకు న్యాయవాదులను చూపుటకు ముందుకు వచ్చుట ప్రశంసనీయము. అయితే అది నిప్పంటుకొన్న పిదపటి పరుగు. మహాసభలకు నటీనటులను రప్పించు సంఘములు, తెలుగువారు హెచ్చుగానున్న నగరములలో ఫెడరల్ క్రిమినల్ వ్యవహారములు నడపు న్యాయవాదుల పట్టిక నొకదానిని సిద్ధముగా నుంచి ఏటేట సరిచూచుట కష్టమా? ఆ పట్టికలో ఎవరి బంధువని గాక ఎన్ని వ్యవహారములు నడపెనని చూచి పేరు చేర్చుట కష్టమా? మన రాయబార కార్యాలయములకును బాధ్యత కలదు. 1963 నాటి వియన్నా ఒడంబడిక ప్రకారము, నిర్బంధింపబడిన భారతీయుడు కోరినచో మన కాన్సులేటునకు ఆ వార్త తెలుపవలయును. 'కోరినచో' అనుటలోనే చిక్కున్నది. ఆ హక్కున్నదని తెలియనివాడు కోరడు. అర్హులైన దిక్కులేనివారికి న్యాయసహాయము చేయుటకు 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమనిధి కూడ కలదు; దాని పేరైన వినిన విద్యార్థు లెందరు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును తమ ప్రవాసాంధ్ర శాఖలద్వారా ఒక చిన్న తెలుగు కరపత్రమును అచ్చువేయించి, విదేశవిద్యకు పోవు ప్రతి విద్యార్థికిని ఈయవలయునని మేము కోరుచున్నాము. విద్యాసలహా కేంద్రముల గోడలపై విశ్వవిద్యాలయముల రంగుబొమ్మల ప్రక్కన దానిని అంటింపవలయును. అందు ఎక్కువ వ్రాయనక్కరలేదు. అధికారి తలుపుతట్టినపుడు చెప్పవలసిన ఒక్క వాక్యము ఇంగ్లీషు మాటలు తెలుగులిపిలో. ఫోనులోని సందేశము లేవియు తుడువరాదను హెచ్చరిక. సమీప కాన్సులేటు టెలిఫోను సంఖ్య. ధనము లేనిచో ఫెడరల్ డిఫెండరును కోరు హక్కు. వలసచట్టము తెలిసినవానిని అడుగక దేనిపైనను సంతకము చేయరాదను మాట. కరపత్రపు రెండవప్రక్కన తల్లిదండ్రులకు మూడు పంక్తులు చాలును: బిడ్డ ఫోను చేసినపుడు ఏమి జరిగినదని అడుగవద్దు, న్యాయవాది వచ్చెనా యని మాత్రమే అడుగుడు, రాకున్నచో, వచ్చువరకు ఎవ్వరితోను మాటలాడవద్దని చెప్పి ఫోను పెట్టివేయుడు.